చెప్పులు చేతబట్టుకుని... బందరు నుంచి దివిసీమ దాకా

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది పెట్టి పొడిచినట్టు ఉంటుందా మీకు? గోడ పట్టుకుని, బీరువా పట్టుకుని, కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యిమీద పెట్టేసరికి కాస్త సర్దుకుంటుందా? అయితే ఈ కబుర్లు మీకోసమే. అలాంటి బాధ లేని అదృష్టవంతులు కూడా చదవండి. ఇందులో మడమ నొప్పితో పాటు మంగినపూడి సముద్రం ఉంది, బందరు లడ్డూ ఉంది, కూచిపూడి గజ్జెల చప్పుడు ఉంది, దివిసీమలో ఒక పెద్దమ్మ నాకు పెట్టిన చీవాట్లు కూడా ఉన్నాయి.

గుడివాడలో కుంటినడక

మాది గుడివాడ. కాలేజీలో చదివే రోజుల్లో నేను పరుగుపందాల్లో ఉండేదాన్ని. 800 మీటర్ల పరుగులో ఒకసారి రెండో బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారు. ఇప్పటికీ మా ఇంట్లో పెరుగు తోడుపెట్టేది ఆ గిన్నెలోనే. పెళ్ళయ్యాక పరుగంటే ఇక మీకు తెలియనిదేముంది? పిల్లల స్కూలు బస్సు వెనకాల పరుగు, గ్యాసుబండి అబ్బాయి వెనకాల పరుగు. అంతే.

నలభై రెండో ఏట డాక్టరుగారు "బరువు తగ్గాలమ్మా, రోజూ నడవండి" అన్నారు. నడవటం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే కాళ్ళకి పాత రోజులు గుర్తొచ్చాయి. తెల్లవారుజామున వీధిలో ఎవరూ లేరు కదా అని చున్నీ నడుముకి బిగించి సిమెంటు రోడ్డు మీద పరుగు లంకించుకున్నాను. ఏమాట కామాటే చెప్పాలి, ఆ పది రోజులూ నా అంత సంతోషంగా ఉన్న మనిషి గుడివాడలో లేదు. పదకొండో రోజున కుడి చీలమండ బెణికింది.

అక్కణ్ణించి ఆరేళ్ళ కథ వరసగా చెబుతాను. చీలమండ తగ్గేసరికి మోకాలు. మోకాలు తగ్గేసరికి కాలి ముందు ఎముక వెంట సలుపు. అది తగ్గిందనుకుంటే మడమ పట్టుకుంది. అరికాలి కింద, మడమ నుంచి వేళ్ళ దాకా గట్టి పట్టీలాంటిది ఒకటి ఉంటుందట. అది మడమ దగ్గర దెబ్బతింటే వచ్చే నొప్పి ఇదని చెప్పారు. వేడినీళ్ళ కాపడం అయింది, ఐసుగడ్డలు అయ్యాయి, చెప్పుల్లోకి మెత్తని రబ్బరు బిళ్ళలు అయ్యాయి, మడమలో ఇంజక్షను కూడా అయింది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి "అమ్మా, నీకు సరైన బూట్లు లేకే ఇదంతా" అని నాలుగు వేలు పోసి దూదిపింజల్లాంటి బూట్లు పంపింది. అవి వేసుకుంటే నిజంగానే మబ్బుల మీద నడిచినట్టు ఉండేది. ఆ ధైర్యంతో మళ్ళీ పరిగెత్తాను. మూడు వారాలకి మళ్ళీ మంచం.

మావారు కోప్పడే మనిషి కాదు. కానీ ఒకరోజు ఆ బూట్లు అట్టపెట్టెలో సర్ది అటకమీద పెడుతూ, "ఇంక చాలు. మనకి పందాలు గెలిచే వయసా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు పందెం అక్కర్లేదు. రోజుకో అరగంట ఎవరి కోసమూ కాకుండా, నా కోసం నేను పరిగెత్తాలనే కోరిక. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు.

బందరులో కార్తీక పౌర్ణమి

మా పిన్నివాళ్ళది బందరు పక్కన చిలకలపూడి. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేద్దాం రమ్మని పిన్ని ఏటా పిలుస్తుంది. ఆ ఏడు ఇంట్లో దిగులుగా కూర్చోలేక రైలెక్కాను. గుడివాడ నుంచి బందరుకి ఆ రైలు ప్రయాణం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, అటూ ఇటూ కోతకొచ్చిన వరిచేలు. పెడన అనగానే కలంకారీ గుర్తొస్తుంది కదూ? కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డమీద చెక్క అచ్చులతో అద్దకం వేసి, పారే నీళ్ళలో ఉతికి ఆరేస్తారు. ఒకప్పుడు ఓడలెక్కి దేశదేశాలు తిరిగిన అద్దకం ఇది. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తకస్థావరం పెట్టుకున్నది ఇలాంటి బట్టల వ్యాపారం కోసమే.

చిలకలపూడి అంటే మనలాంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది రోల్డుగోల్డు నగలు. ఆ తర్వాత పాండురంగస్వామి గుడి. భక్త నరసింహంగారు 1929లో ప్రతిష్ఠ చేయించిన ఈ గుడిలో స్వామి పాదాలను భక్తులు స్వయంగా తాకి దణ్ణం పెట్టుకోవచ్చు. నేనూ తాకాను. కోరుకోవడానికి ఇంకేముంది? "స్వామీ, నీ పాదాలు బాగానే ఉన్నాయి, నా పాదం సంగతి కాస్త చూడు" అనుకున్నాను.

తెల్లవారకముందే ఆటోలో మంగినపూడి వెళ్ళాం. బందరు ఊరికి పదకొండు కిలోమీటర్లు. మీరెప్పుడైనా విశాఖ తీరమో, చీరాల తీరమో చూసి ఉంటే అక్కడి ఇసుకకీ ఇక్కడి నేలకీ తేడా వెంటనే తెలుస్తుంది. మంగినపూడి నేల నల్లటి మన్ను. సముద్రం కూడా ఒక్కసారిగా లోతుకి దిగదు, వాలు చాలా తక్కువ. నీళ్ళు వెనక్కి వెళ్ళినచోట నేల ఇప్పుడే అలికిన అరుగులా నున్నగా, గట్టిగా, చల్లగా ఉంటుంది.

స్నానాలయ్యాయి. ఒడ్డున అరటిదొప్పల్లో దీపాలు వెలిగిస్తున్నాం. పిన్ని మనవడికి మూడేళ్ళు. వాడు నా పక్కనే ఉన్నాడు, మరుక్షణం లేడు! చూస్తే అలల వైపు పరిగెడుతున్నాడు. నేను ఆలోచించలేదండీ. దీపం అక్కడ పడేసి, తడి చీర ఎత్తిపట్టి, వట్టికాళ్ళతో పరిగెత్తాను. నీళ్ళు వాడి మోకాళ్ళకి తగిలే లోపల చంకలో వేసుకున్నాను. వాడు కిలకిలా నవ్వుతున్నాడు, నేను వగరుస్తున్నాను.

అందరూ సర్దుకున్నాక అప్పుడు తట్టింది. నా మడమ నొప్పి పుట్టలేదు! వెనక్కి వెళ్ళి తడి నేలమీద నా అడుగుల గుర్తులు చూశాను. నడిచినచోట మడమ గుర్తు లోతుగా ఉంది. పరిగెత్తినచోట పాదం ముందు భాగం లోతుగా, మడమ తేలిగ్గా పడ్డాయి. ఆరేళ్ళుగా నేను బూట్లేసుకుని మడమ మీద దబ్బుదబ్బున దిగి పరిగెత్తాను. చెప్పుల్లేని కాలు, ఎవరూ చెప్పకుండానే, ఇంకోలా దిగింది.

పాదానికి పాఠాలు

అలాగని మర్నాడే పరుగు మొదలుపెట్టేశాననుకుంటున్నారా? పెట్టాను మరి! అదే నా బుద్ధి. శని, ఆదివారాలు పిన్ని దగ్గరికి వెళ్ళి, పొద్దున్నే తీరంలో వట్టికాళ్ళతో పావుగంట పరిగెత్తేదాన్ని. మూడో వారానికి మడమ బాగానే ఉంది గానీ పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. బొటనవేలి కింద బొబ్బలు లేచాయి. పది రోజులు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాను. మా అత్తగారు చూసి, "బూట్లున్నా మంచమే, లేకపోయినా మంచమే. తేడా బూట్లలో లేదేమో, నీలో ఉందేమో చూసుకో" అన్నారు. ఆ మాటకి ఒళ్ళుమండింది. కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఆరేళ్ళలో ప్రతిసారీ నొప్పి తగ్గగానే ఆగినచోటు నుంచే మొదలుపెట్టాను. ఒక్కసారి కూడా మొదటి నుంచి మొదలుపెట్టలేదు.

తర్వాత ఈ విషయం మీద తెలిసినవాళ్ళని అడిగాను, చదివాను. 2010లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్మన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. అలవాటుగా వట్టికాళ్ళతో పరిగెత్తేవాళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం మీదో, మధ్య భాగం మీదో దిగుతారట. అందువల్ల నేల తగిలే క్షణంలో మడమకి వచ్చే పెద్ద కుదుపు తప్పుతుంది. బూట్లతో పరిగెత్తేవాళ్ళలో ఎక్కువమంది మడమ మీద దిగుతారు. బాగానే ఉంది కదా! కానీ ఆ బరువు మాయమైపోదు, పిక్కల మీదికీ మడమ వెనక నరంలాంటి స్నాయువు మీదికీ పోతుంది. 2013లో అమెరికాలోనే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. మామూలు బూట్ల నుంచి వట్టికాలికి దగ్గరగా ఉండే పలచటి బూట్లకి మారినవాళ్ళ పాదాలను పది వారాల తర్వాత స్కానింగు తీసి చూస్తే, చాలామందిలో ఎముక లోపల వాపు కనిపించిందట. అంటే పాదానికి కొత్త పని నేర్పాలి గానీ ఒక్కసారిగా నెత్తిన రుద్దకూడదన్నమాట.

ఇథియోపియా దేశపు అబెబె బికిలా పేరు వినే ఉంటారు. 1960 రోము ఒలింపిక్సులో మారథాన్ పరుగుని వట్టికాళ్ళతో పరిగెత్తి బంగారు పతకం గెలిచాడు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు. గుడివాడ నుంచి బందరు దాటి మంగినపూడి వైపు సాగినంత దూరం! అందరూ ఇంతవరకే చెబుతారు. కానీ ఆయనే 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని పరిగెత్తి మళ్ళీ గెలిచాడు. బూట్లు లేనందువల్ల గెలవలేదు, ఉన్నందువల్ల ఓడలేదు.

అంత దూరం ఎందుకు? మహారాష్ట్రలో బారామతిలో లతా భగవాన్ కరే అనే అరవై దాటిన ఇల్లాలు, భర్త వైద్యపరీక్షలకి డబ్బు లేక, బహుమతి డబ్బు కోసం తొమ్మిది గజాల చీరలో, వట్టికాళ్ళతో పరుగుపందెంలో పాల్గొని గెలిచింది. ఆమె కథని మన తెలుగువాడైన నవీన్ దేశబోయిన 2020లో మరాఠీలో సినిమాగా తీస్తే, ఆవిడే అందులో తన పాత్ర వేసింది. ఆవిడ చెప్పులు విడిచింది సరదాకి కాదు. ఈ తేడా నాకు దివిసీమ వెళ్ళాక ఇంకా బాగా అర్థమైంది. అక్కడికి వస్తున్నాను.

సరే, మొదటి నుంచి మొదలుపెట్టాను. మొదటి నెలలో పరుగే లేదు. గుడివాడలో సాయంత్రం ఎండ తగ్గాక మా డాబా మీద పది నిమిషాలు వట్టికాళ్ళ నడక. నేలమీద పరచిన తువ్వాలుని కాలివేళ్ళతో దగ్గరికి లాగటం, మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకెత్తి దించటం. ఇవి రెండూ పప్పు ఉడికే లోపల వంటింట్లోనే చేసుకోవచ్చు. రెండో నెలలో ఆదివారం ఆదివారం మంగినపూడిలో నడక మధ్యన ఒక్కొక్క నిమిషం పరుగు. అడుగు చిన్నది, వేగం ఆవకాయ జాడీ నెత్తిన పెట్టుకున్నంత! వారానికి ఒకటి రెండు నిమిషాలే పెంచాను. మర్నాడు పొద్దున మొదటి అడుగులో నొప్పి ఉంటే ఆ వారం పెంచలేదు. మెత్తని బూట్లలో ఉన్నప్పుడు కాలు ఏమీ చెప్పేది కాదు, చెప్పినా నాకు వినపడేది కాదు. వట్టికాలు మాత్రం ప్రతి గులకరాయినీ చెబుతుంది. పరుగు నెమ్మదించక చస్తామా?

పిన్ని ఇంట్లో తొక్కుడు లడ్డూ

ఆదివారం తీరం నుంచి వచ్చేసరికి పిన్ని పెసరట్టు వేసి ఉంచేది. సాయంత్రం గుడివాడ రైలెక్కేముందు బందరు లడ్డూ పొట్లం. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకసారి ఇంట్లోనే చేద్దామని పిన్నితో కూర్చున్నాను. శనగపిండిని నీళ్ళతో కలిపి లావుపాటి కారప్పూసలా నూనెలో వేయించాలి. ఎర్రబడకూడదు సుమా. వేడి తగ్గాక దాన్ని రోట్లో వేసి దంచి జల్లించాలి. పాకంలో ఆ పొడిని కలిపి, నెయ్యి వేస్తూ మళ్ళీ దంచాలి. అందుకే దీన్ని తొక్కుడు లడ్డూ అంటారు. నేను పావుగంటకే చెయ్యి నొప్పి పుట్టి ఆపబోతే పిన్ని రోకలి తీసుకుంది. "ఇప్పుడు చుడితే ఉండ అవుతుంది గానీ నోట్లో కరగదే. ఇంకాసేపు దంచు" అంది. నా కాలి సంగతి కూడా పిన్నికి చెప్పి ఉన్నాను కాబట్టి నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

కూచిపూడి దారిలో

ఏడాది గడిచింది. మావారి స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశానికి దివిసీమ వెళ్ళాల్సి వచ్చింది. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా దారి. కూచిపూడిలో ఆగుదామని నేనే పట్టుపట్టాను. సిద్ధేంద్రయోగి పేరుమీద అక్కడ నాట్య కళాపీఠం ఉంది. పొద్దుటిపూట అడుగులు నేర్చుకుంటున్న పిల్లల్ని చూస్తుంటే కాలం తెలియదు. పళ్ళెం అంచుమీద నిలబడి తరంగం ఆడటం ఇక్కడివాళ్ళ ప్రత్యేకత. గజ్జెలు తప్ప పాదానికి మరో తొడుగు ఉండదు.

అక్కడ పిల్లలకి నేర్పుతున్న ఒకావిడని నా సందేహం అడిగాను. "అంత గట్టిగా నేలని తొక్కుతారు కదండీ, కాళ్ళు నొప్పి పుట్టవా?" ఆవిడ ఒక చిన్నపిల్లని ముందుకి పిలిచి అరమండిలో నిలబెట్టింది. "మోకాలు వంగి ఉంటే దెబ్బ తొడమీదికి పోతుంది. కర్రలా నిలబడి తొక్కితే మడమా మోకాలూ రెండూ పోతాయి. అందుకే కొత్త పిల్లలకి ముందు నిలబడటం నేర్పి, తర్వాతే అడుగు" అంది. నా పరుగుకి ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మోకాలు కాస్త వదులుగా, వంగి ఉండేట్టు చూసుకుంటున్నాను.

దివిసీమ పెద్దమ్మ

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, చివరికి హంసలదీవి. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, అక్కణ్ణించి పాలకాయతిప్ప తీరానికీ, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకీ వెళతారు. అక్కడ మునిగిన కాకి హంస అయిందని స్థలపురాణం. నాగాయలంకలో కృష్ణ ఒడ్డున శ్రీరామపాద క్షేత్రం ఘాటు. పచ్చటి పొలాలు, కొబ్బరిచెట్లు, చేపలచెరువులు. చూస్తే ఇంత చల్లని సీమకి ఏ కష్టమూ రాలేదనిపిస్తుంది.

కానీ 1977 నవంబరు 19 మనలో వయసు మళ్ళినవాళ్ళెవరం మరిచిపోగలం? ఉప్పెన ఊళ్ళమీదికి వచ్చి సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఇంటికి ఇల్లు తుడిచిపెట్టుకుపోయాయి. అలలు ఎంతదాకా వచ్చాయో గుర్తుగా అవనిగడ్డ దగ్గర స్మారకం కట్టారు. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారంటారు. ఈ తీరంలో పరుగు అనే మాటకి అర్థం వేరు.

గృహప్రవేశం మర్నాడు తెల్లవారుజామున, నాగాయలంక దాటి మేము బసచేసిన ఊళ్ళో, కాలవగట్టు మీద చెప్పులు చేతబట్టుకుని నెమ్మదిగా పరిగెడుతున్నాను. ఒకావిడ గడ్డిమోపు దించి, "ఏమమ్మా, చెప్పులు తెగాయా?" అని అడిగింది. డెబ్భైకి దగ్గర్లో ఉంటుంది.

"లేదు పెద్దమ్మా, కాలికి మంచిదని వట్టికాళ్ళతో పరిగెడుతున్నాను" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి పకపకా నవ్వింది. "మంచిదని పరిగెడుతున్నావా!" అని ఇంకోసారి నవ్వింది. తర్వాత గట్టుమీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. ఉప్పెన నాటికి ఆవిడకి ఇరవై ఏళ్ళట. "సాయంత్రం నుంచీ గాలి. చీకట్లో నీళ్ళొచ్చాయన్నారు. ఎటు పరిగెత్తామో తెలీదు. ముళ్ళో, తుమ్మకంపో, ఏం తొక్కామో తెలీదు. తాడిచెట్టు దొరికితే పట్టుకున్నా. తెల్లారాక చూసుకుంటే అరికాళ్ళకి తోలు లేదు." ఎవరెవరు పోయారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

కాసేపటికి తనే అంది. "అప్పటిదాకా నాకు చెప్పులు లేవమ్మా. మా ఇంట్లో ఆడవాళ్ళెవరికీ లేవు. ఉప్పెన తర్వాత సాయం పంచేవాళ్ళు బట్టలతోపాటు ఒక జత ఇచ్చారు. పెద్ద సైజు. అయినా అవి వేసుకుని నడుస్తుంటే నేనూ ఒక మనిషినే అనిపించింది." ఆవిడ కాళ్ళకేసి చూశాను. నీలంరంగు రబ్బరు చెప్పులు. వాటిని గట్టుమీద జతగా, బురద అంటకుండా విడిచి కూర్చుంది.

నా చేతిలో ఉన్న చెప్పులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు జీవితమంతా బురదలో వట్టికాళ్ళతో నిలబడ్డ మనిషి ముందు, నేను చెప్పులు విప్పి ఏదో కొత్త విద్య కనిపెట్టినట్టు కూర్చున్నాను. ఆవిడ నా ముఖం చూసి కనిపెట్టింది కాబోలు. "పరిగెత్తు, తప్పేముంది? పరిగెత్తాలనిపించి పరిగెత్తటం మంచి రోజులొచ్చినట్టే. కానీ ఈ గట్టుమీద తుమ్మముళ్ళుంటాయి. ఇక్కడ మాత్రం చెప్పులేసుకో. అంత చదువుకుని ఆ మాత్రం తెలీదా?" అని కసిరింది.

వేసుకున్నాను. బస దాకా చెప్పులతోనే నడిచాను.

ఎవరు విప్పకూడదు?

ఇది చదివి రేపే చెప్పులు అవతల పారేస్తారేమోనని నా భయం. అందుకే ముందు మా తోటికోడలి సంగతి చెప్పాలి. ఆవిడకి పదిహేనేళ్ళుగా సుగరు. పాదాల్లో స్పర్శ తగ్గిందని తెలియదు. గుడిచుట్టూ వట్టికాళ్ళతో ప్రదక్షిణ చేస్తే ముల్లు దిగింది. నొప్పి తెలియలేదు. మూడు రోజుల తర్వాత సాక్సులా వాచిన కాలు చూసి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చివరికి ఒక వేలు తీసేశారు. నొప్పి నాకు శత్రువనుకున్నాను గానీ, ఆవిణ్ణి చూశాక నొప్పి తెలియటం ఎంత భాగ్యమో అర్థమైంది.

కాబట్టి సుగరున్నవాళ్ళు, పాదాలు తిమ్మిరెక్కేవాళ్ళు, కాళ్ళలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్ళు, పాదం మీద పుండు ఉన్నవాళ్ళు వట్టికాళ్ళ జోలికి పోకూడదు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాల్సిందే. ఎముకలు పలచబడ్డాయని చెప్పించుకున్నవాళ్ళూ, నెలల తరబడి నొప్పి తగ్గనివాళ్ళూ ముందు డాక్టరుకి చూపించుకోండి.

మీరూ వెళ్ళాలనుకుంటే

గుడివాడ నుంచి బందరుకి రైళ్ళూ బస్సులూ ఉన్నాయి. బందరు నుంచి మంగినపూడికి ఆటోలు దొరుకుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. తెల్లవారుజామునే వెళ్ళండి, ఎండెక్కితే నల్లనేల కాళ్ళు కాలుస్తుంది.

నీళ్ళు తగిలి గట్టిపడ్డ నేలమీదే నడవండి. పొడి ఇసుకలో కాలు దిగబడి పిక్కలు, మడమ లాగుతాయి. జిగటమన్ను ఉన్నచోట జారుతుంది, జాగ్రత్త. ఒకవైపు వెళ్ళినంత దూరం వెనక్కి కూడా రండి. తీరం ఏటవాలు ఒక కాలిమీదే పడకుండా ఉంటుంది.

గాజుపెంకులు, గవ్వలు, వలల ముక్కలు చూసుకోండి. ధనుర్వాతం ఇంజక్షను వేయించుకుని ఉండాలి. మలవిసర్జన జరిగే తావుల్లోని తడిమట్టిలో కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మంలోంచి ఒంట్లోకి పోతాయి. అలాంటిచోట చెప్పులు విప్పొద్దు. ఇంటికి రాగానే కాళ్ళు సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తుడిచి, పగుళ్ళుంటే కొబ్బరినూనె రాయండి.

సముద్రం నిదానంగా ఉందని లోపలికి పోవద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. ఆ సంగతి నేను చెప్పాల్సిన పనిలేదు కదూ?

ఇక నా సంగతి. మొన్న కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో ఆగకుండా అరగంట పరిగెత్తాను. వేగం ఎంతంటారా? పక్కన నడుస్తున్న మావారు పెద్దగా వెనకబడలేదు, అంత! మడమ ఇప్పటికీ అప్పుడప్పుడూ పలకరిస్తుంది. పలకరించినప్పుడు ఆగుతాను. గుడివాడలో సిమెంటు రోడ్డుమీద అటకమీది బూట్లు దించి వేసుకుంటున్నాను. అవి నా శత్రువులు కావని తెలిసింది లెండి. పరుగయ్యాక ఒడ్డున కూర్చుని మావారు నా కాళ్ళకంటిన నల్లమన్ను చూసి, "వచ్చే ఆదివారం నేనూ విప్పనా?" అన్నారు.

"మొదటి నెల నడకే" అన్నాను.